ఐదుసార్లు ఓడిన ఫైర్‌మన్

మొన్న కొత్తగూడెంలో మేనత్త ఇంటికి వెళ్ళినప్పుడు, తెల్లవారుజామున వీధి చివర టీ కొట్టతను రాక్షసి బొగ్గు పొయ్యి రాజేశాడు. ఆ కాలనీల్లో ఇప్పుడు ఇంటింటికీ గ్యాసే, బొగ్గు పొయ్యి కనిపించడమే అరుదు. కిటికీలోంచి పొగ లోపలికి రాగానే నా నిద్ర తేలిపోయింది. కాస్త గంధకం, కాస్త తడి బూడిద, వాటి అడుగున కాలిన నూనె కమురు. అది మా నాన్న ఖాకీ చొక్కా వాసన. ఎన్నిసార్లు ఉడకబెట్టి ఉతికినా అమ్మ దాన్ని వదిలించలేకపోయేది.

నాన్న కాజీపేటలో ఆవిరి రైలింజన్ల మీద, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఆ వాసన తగిలితే నాన్నతో పాటు నాకు ఇంకో ఫైర్‌మన్ కూడా గుర్తొస్తాడు. నేను పుట్టడానికి నలభై ఏళ్ళ ముందే పోయిన మనిషి, పేరు యూజీన్ డెబ్స్. అమెరికా అధ్యక్ష పదవికి సోషలిస్టు అభ్యర్థిగా ఐదుసార్లు నిలబడి ఐదుసార్లూ ఓడిపోయాడు. చరిత్ర పుస్తకాల్లో ఆయనకు నాలుగు వాక్యాలు దక్కితే ఎక్కువ. మా ఇంట్లో మాత్రం ఆయన పేరు చుట్టం పేరు పలికినంత మామూలుగా పలికేది.

*

మా చిన్నప్పుడు రాత్రిళ్ళు కాల్‌బాయ్ వచ్చేవాడు. ఒక చేతిలో లాంతరు, చంకలో పుస్తకం. ఏ బండికి ఎవరు ఎక్కాలో ఆ పుస్తకంలో రాసి ఉండేది. తలుపు తట్టి, నిద్ర కళ్ళతో వచ్చిన నాన్న చేత సంతకం పెట్టించుకుని పక్క క్వార్టర్‌కు వెళ్ళేవాడు. అతని చెప్పుల చప్పుడు ఏ గుమ్మం ముందు ఆగుతుందో పడుకున్నచోటి నుంచే చెప్పగలిగేవాళ్ళం. ఆగింది మా గుమ్మం ముందైతే అమ్మ ఏమీ మాట్లాడకుండా లేచి పొయ్యి వెలిగించేది. రొట్టెలు, పచ్చడి, ఉల్లిపాయలు టిఫిన్ క్యారియర్‌లోకి, అది నాన్న లైన్ బాక్స్‌లోకి చేరేవి. పెట్టె మూత మూసిన చప్పుడు వినిపించిందంటే నాన్న మళ్ళీ ఎప్పుడు వస్తారో తెలియదన్నమాట. గూడ్సు బండి ఎక్కినవాడు సిగ్నల్ దగ్గర గంటల తరబడి పడి ఉండవచ్చు. దిగే వేళకు ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయి ఉండవచ్చు.

ఒకసారి షెడ్డుకు తీసుకెళ్ళి ఇంజను ఎక్కించారు. ఫైర్‌బాక్స్ తలుపు తెరవగానే ముఖం మీద వేడి కొట్టిన కొట్టుడు ఇప్పటికీ చర్మానికి గుర్తుంది. నాన్న పారతో బొగ్గు తీసి, మణికట్టు తిప్పి, వెనుక మూలల్లోకి చల్లారు. నడిమధ్యలో కుప్ప పోయడం కొత్తవాళ్ళు చేసే పనట. కొంచెం కొంచెంగా, పలచగా, మంట ఎక్కడ తెల్లగా ఉందో అక్కడ చల్లాలి. పొగగొట్టంలోంచి నల్లగా పొగ వస్తోందంటే బొగ్గు దండుగ అవుతోందని అర్థం. గేజి గ్లాసులో నీటి మట్టం ఒక కంట చూసుకుంటూ ఉండాలి. ఇదంతా నాన్న ఎంత ప్రేమగా చెప్పారంటే, అది ఒళ్ళు హూనమయ్యే పని అన్న సంగతి నాకు చాలా ఏళ్ళ దాకా తట్టలేదు.

1973 ఆగస్టులో లోకో సిబ్బంది దేశమంతటా సమ్మె చేసి, డ్యూటీ పది గంటలకు మించకూడదన్న ఒప్పందం సంపాదించుకున్నారు. ఆ ఏడాది మా ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి. మరుసటి ఏడాది మే 8న రైల్వే కార్మికులందరి సమ్మె మొదలైంది. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను అంతకు ముందే అరెస్టు చేశారు. రైలు కూత వినకుండా ఒక్క పూట గడవని మా కాలనీలో ఒక్కసారిగా నిశ్శబ్దం. పిల్లలం ఆ నిశ్శబ్దానికే భయపడ్డాం. మగవాళ్ళు రాత్రిళ్ళు ఇళ్ళలో పడుకునేవారు కాదు. నాన్న ఏ ఊళ్ళో ఏ తోటలో ఉన్నారో అమ్మకు తెలుసో లేదో, మాకు మాత్రం చెప్పలేదు. ఇరవై రోజుల తర్వాత సమ్మె ముగిసింది. నాన్న పని పోయింది.

మూడేళ్ళు ఆయన ఒక రైసు మిల్లు బాయిలర్ దగ్గర ఊక ఎగదోశారు. 1977లో ప్రభుత్వం మారాక ఉద్యోగాలు పోయినవాళ్ళను మళ్ళీ తీసుకున్నారు. ఆ రోజు వీధిలో ఎవరో బూందీ పంచారు.

ఎన్నికలప్పుడు నాన్న ఎవరికి ఓటు వేసేదీ దాచేవారు కాదు. నిలబడినవాళ్ళలో కార్మికుల మాట మాట్లాడేవాడు ఎవడో చూసుకుని అతనికే వేసేవారు. సాధారణంగా అతనికి ధరావతు కూడా దక్కేది కాదు. "గెలవడని తెలిసి ఎందుకు వేస్తారు, ఓటు మురిగిపోదా?" అని అమ్మ అడిగేది. "నాకు అక్కర్లేనివాడు నా ఓటుతోనే గెలిస్తే, అప్పుడు కదా మురిగిపోయేది!" అనేవారు నాన్న.

*

చదువు కోసం నేను ఇండియానా రాష్ట్రంలోని టెరె హోట్ చేరాను. వబాష్ నది ఒడ్డున చిన్న ఊరు. వెళ్ళిన మొదటి వారంలోనే ఆ ఊరు నాకు నచ్చడానికి కారణం రైళ్ళు. ఊరి మధ్యలోంచి పట్టాలు. వందకు పైగా వ్యాగన్లతో గూడ్సు బండి వస్తే కార్లన్నీ గేటు దగ్గర బారులు తీరి ఆగేవి. అక్కడివాళ్ళు విసుక్కునేవారు. నేను నిలబడి ప్రతి వ్యాగనూ చూసేవాణ్ణి.

విశ్వవిద్యాలయం ఆవరణలోనే, ఉత్తరం ఎనిమిదో వీధిలో, పెద్ద పెద్ద భవనాల నడుమ ఒక పాత రెండంతస్తుల ఇల్లు ఉంది. ముందు అరుగు, పైన అటక. డెబ్స్ దంపతులు 1890లో కట్టించుకున్న ఇల్లది. ఒక చలికాలం మధ్యాహ్నం, మంచు నుంచి తప్పించుకోవడానికే అనుకుంటాను, లోపలికి వెళ్ళాను. తలుపు తీసిన పెద్దావిడ నా చెప్పుల మంచు విదిలించమని చెప్పి, కాఫీ ఇచ్చి, "ఈ ఇంటి యజమాని గురించి ఏమైనా తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "రైలింజనులో బొగ్గు వేసేవాడు" అంది.

ఆ ఒక్క మాటతో నేను కూర్చుండిపోయాను. చీకటి పడేదాకా ఆవిడ చెబుతూనే ఉంది.

డెబ్స్ ఆ ఊళ్ళోనే 1855లో పుట్టాడు. తల్లిదండ్రులు ఫ్రాన్సులోని అల్సాస్ నుంచి వచ్చినవారు. పద్నాలుగేళ్ళకు బడి మానేసి వండేలియా రైల్వే కంపెనీలో చేరాడు. ఇంజన్లకు పట్టిన గ్రీజు గీకే పని, రోజుకు అర డాలరు కూలి. తర్వాత ఫైర్‌మన్ అయ్యాడు. తెలిసినవాడొకడు ఇంజను కింద పడి చనిపోయాక, తల్లి ప్రాణం పెట్టి బతిమాలితే ఆ పని మానేసి కిరాణా టోకు వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాడు. పని మానినా ఫైర్‌మన్లను మాత్రం వదల్లేదు. 1875లో వాళ్ళ సంఘంలో సభ్యుడయ్యాడు. కొన్నేళ్ళకు వాళ్ళ పత్రికకు సంపాదకుడు కూడా అయ్యాడు.

ఆ రాత్రే నాన్నకు ఉత్తరం రాశాను. ఇక్కడ నీలాంటి ఫైర్‌మన్ ఒకాయన దేశాధ్యక్ష పదవికి ఐదుసార్లు నిలబడ్డాడని, ఆయన ఇల్లు చూసి వచ్చానని. జవాబు రావడానికి నెల పట్టింది. అందులో క్షేమ సమాచారాల కంటే ప్రశ్నలే ఎక్కువ. ఆయన వేసింది కట్టెలా, బొగ్గా? డ్యూటీ ఎన్ని గంటలు? సంఘంలో డ్రైవర్లూ ఫైర్‌మన్లూ కలిసే ఉండేవారా? సమ్మె ఎలా విరిగింది? ఎన్ని ఓట్లు వచ్చాయి?

సమ్మె ఎలా విరిగిందని ఆయన అడిగిన తీరు చూడండి. విరిగిందని నేను రాయలేదు. ఆయనకే తెలిసింది.

*

ఆ ప్రశ్నలకు జవాబులు వెతకడం కోసం ఆ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. శనివారాలు అక్కడ దుమ్ము తుడవడానికీ, వచ్చినవాళ్ళకు గదులు చూపించడానికీ సాయపడేవాణ్ణి. నీలం కాగితపు ఎయిర్‌లెటర్ల మీద సందు లేకుండా రాసి పంపేవాణ్ణి. అంచుల్లో కూడా రాసేవాణ్ణి. ఆ అలవాటు ఇప్పుడు ఎవరికీ లేదు. ఫోనులో ఒక్క క్షణంలో చెప్పేస్తాం, చెప్పింది మరుసటి రోజుకు ఉండదు. ఆ ఉత్తరాలు మాత్రం నాన్న లైన్ బాక్స్‌లో ఈనాటికీ ఉన్నాయి.

డ్రైవర్లకు ఒక సంఘం, ఫైర్‌మన్లకు ఒకటి, గార్డులకు ఒకటి. ఒకరు సమ్మె చేస్తే ఇంకొకరు బండి నడిపేవారు. ఇలాగైతే ఎవరూ గెలవరని డెబ్స్ 1893లో రైలు కార్మికులందరికీ కలిపి ఒకే యూనియన్ పెట్టాడు. మరుసటి ఏడాది గ్రేట్ నార్తర్న్ రైల్వేలో పద్దెనిమిది రోజుల సమ్మె చేసి గెలిచారు. ఆయన తిరిగి వెళ్తుంటే పట్టాల పక్కన గ్యాంగు కూలీలు టోపీలు తీసి, పారలు పట్టుకుని నిలబడ్డారట. తనకు దక్కిన గౌరవాలన్నిటిలో అదే గొప్పదని డెబ్స్ చెప్పుకునేవాడు. ఈ సంగతి రాసిన ఉత్తరాన్ని నాన్న షెడ్డులో చదివి వినిపించారని అమ్మ చెప్పింది.

ఆ వేసవిలోనే పుల్‌మన్ సమ్మె. రైలు పెట్టెలు తయారుచేసే కంపెనీ కూలి తగ్గించింది, తన కాలనీలో ఇళ్ళ అద్దె మాత్రం తగ్గించలేదు. ఆ కార్మికులకు మద్దతుగా డెబ్స్ యూనియన్ సభ్యులు పుల్‌మన్ పెట్టెలున్న బండ్లు నడపం అన్నారు. కోర్టు ఆజ్ఞలు వచ్చాయి, అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యాన్ని పంపాడు. సమ్మె విరిగింది, యూనియన్ చెదిరింది, డెబ్స్‌కు ఆరు నెలల జైలు. వుడ్‌స్టాక్ జైల్లో చదివిన పుస్తకాలు ఆయనను సోషలిజం వైపు నడిపించాయి.

ఓట్ల లెక్క నాన్నకు విడిగా రాశాను. 1900లో 90 వేల లోపు. 1904లో నాలుగు లక్షలు దాటాయి. 1908లో రైలునే అద్దెకు తీసుకున్నారు. కార్మికులు తలా కొంచెం పంపిన చందాలతో 'రెడ్ స్పెషల్' అనే ఆ బండి దేశమంతా తిరిగింది. వెంట బ్యాండు మేళం, పెట్టెల నిండా కరపత్రాలు. ఊరూరా ఆగి, డెబ్స్ నడుము వంచి, చెయ్యి చాచి, గొంతు పోయేదాకా మాట్లాడేవాడు. ఇంత డబ్బు ఎక్కడిదని ప్రత్యర్థులు అనుమానం పుట్టిస్తే చందాదారుల పేర్లు అచ్చేసి చూపించారు. అంత కష్టపడినా ఓట్లు మాత్రం పెద్దగా పెరగలేదు, 4 లక్షల 20 వేలు. 1912లో తొమ్మిది లక్షలు, మొత్తం ఓట్లలో ఆరు శాతం. ఆ పార్టీకి అంతకు మించిన వాటా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

తనకు అక్కర్లేనిదానికి ఓటు వేసి దాన్ని పొందడం కంటే, కావలసినదానికి ఓటు వేసి అది దక్కకపోవడమే మేలు అనే మాట ఒకటి డెబ్స్ పేరు మీద చెప్పుకుంటారు. ఆ పెద్దావిడ నోట ఆ మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. కాజీపేట వంటింట్లో అమ్మకు నాన్న చెప్పిన జవాబు అదే కదా! ఉత్తరంలో రాస్తే నాన్న తిరిగి రాశారు: "ఫైర్‌మన్ అనేవాడు ఎక్కడైనా అలాగే ఆలోచిస్తాడు."

*

నాన్న రిటైరయ్యాక అమ్మతో కలిసి మా దగ్గరికి వచ్చారు. నయాగరా చూపిస్తానంటే, ముందు డెబ్స్ ఇల్లు అన్నారు.

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. గడప దగ్గర చెప్పులు విడిచారు, ఆ పెద్దావిడ వద్దన్నా వినలేదు. గదులన్నీ తిరిగి అటక మీదికి ఎక్కాం. అక్కడ గోడల నిండా జాన్ లాస్కా అనే చిత్రకారుడు డెబ్స్ జీవితాన్ని బొమ్మలుగా వేశాడు. నాన్న ఒక్కొక్క గోడ ముందూ ఆగి ఆగి చూశారు. తర్వాత కింద, చిన్న గుండీ బిళ్ళ మీద ఖైదీ నంబరు 9653 అని ఉన్నచోట నిలబడిపోయారు.

ఆ కథ ఆయనకు ఉత్తరాల్లో తెలుసు, అయినా మళ్ళీ చెప్పమన్నారు. 1918 జూన్ 16న ఒహాయోలోని కాంటన్‌లో డెబ్స్ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. యుద్ధం ప్రకటించేది పాలకులు, చచ్చేది పేదలు అన్నాడు. గూఢచర్య చట్టం కింద పదేళ్ళ శిక్ష వేశారు. శిక్ష వినే ముందు కోర్టులో ఆయన చెప్పిన మాటలు ఆ పెద్దావిడకు కంఠతా వచ్చు. నేను తెలుగులో చెప్పాను. కింది తరగతి ఒకటి ఉన్నంతకాలం నేను అందులోనే ఉంటాను, జైల్లో ఒక్క ప్రాణి ఉన్నా నాకు స్వేచ్ఛ లేనట్టే అని. 1920లో అట్లాంటా జైలు నుంచే ఐదోసారి పోటీ. ప్రచారానికి వారానికి ఐదు వందల మాటల ప్రకటన ఒకటి బయటికి పంపడానికి మాత్రం అనుమతి. అయినా తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఆడవాళ్ళకు దేశమంతటా ఓటు హక్కు వచ్చాక జరిగిన మొదటి అధ్యక్ష ఎన్నిక అది. ఆ హక్కును డెబ్స్ పార్టీ ఎన్నో ఏళ్ళుగా అడుగుతూ వచ్చింది.

"మా జార్జి కూడా జైలు నుంచే పోటీ చేశాడు" అన్నారు నాన్న, తన ఇంగ్లీషులో తనే. 1977లో ముజఫర్‌పూర్ నుంచి, సంకెళ్ళతో చెయ్యెత్తిన ఫొటోయే ప్రచారంగా, మూడు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచాడని చెప్పారు. పెద్దావిడ కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. గెలిచాడా అని రెండుసార్లు అడిగింది.

ఆవిడ కూడా దాపరికం లేని మనిషి. 1894లో డెబ్స్ యూనియన్ మహాసభలో నల్లజాతి కార్మికులను చేర్చుకోవాలని డెబ్స్ వాదించాడు, ప్రతినిధులు 112 – 100 ఓట్లతో కాదన్నారు. ఈ సంగతి ఈ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాలి అంది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తెలుగులో నాతో అన్నారు: "సంఘం ఎవరి ముఖం మీద తలుపు వేస్తుందో, రేపు కంపెనీ వాళ్ళనే పిలిచి పని ఇస్తుంది. ఆవిడకు చెప్పు." చెప్పాను. ఆవిడ నాన్న చెయ్యి పట్టుకుంది. ఎడమ అరచేతిలో, చూపుడు వేలి కింద, పార కర్ర ఒరుసుకున్న కాయ ఇంకా ఉంది. ఆవిడ బొటనవేలితో దాన్ని తడిమి, తన తండ్రి కూడా బొగ్గు గనిలో పనిచేశాడని చెప్పింది. ఇన్నేళ్ళ పరిచయంలో ఆవిడ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

సాయంత్రం హైలాండ్ లాన్ శ్మశానానికి వెళ్ళాం. 1921 క్రిస్మస్ రోజున డెబ్స్ విడుదలై జైలు బయటికి నడుస్తుంటే, లోపలి నుంచి రెండు వేల మందికి పైగా ఖైదీలు ఒక్క గొంతుతో కేకలు వేశారట. ఆయన వెనక్కి తిరిగి, ఏడుస్తూ, టోపీ ఎత్తి చూపించాడట. జైలులో చెడిన ఆరోగ్యం మళ్ళీ కోలుకోలేదు, 1926లో పోయాడు. తీసేసిన పౌరసత్వాన్ని 1976లో అమెరికా కాంగ్రెస్ తిరిగి ఇచ్చింది. "ఆ ఏడాది నేను ఊక ఎగదోస్తున్నాను" అన్నారు నాన్న. సమాధి చిన్నది, ఆర్భాటం లేదు. అమ్మ అక్కడ రెండు బంతిపూలు పెట్టింది. ఎవరని గానీ, ఏ మతమని గానీ అడగలేదు.

ఇంటికి వస్తుంటే గేటు పడింది. నాన్న కారు దిగి నిలబడ్డారు. నూట ఇరవై ఏళ్ళ కిందట డెబ్స్ బొగ్గు వేసిన దారి అదేనా అని అడిగారు. ఆయన టెరె హోట్ నుంచి ఇండియానాపొలిస్ వైపు వెళ్ళేవాడని చెప్పాను. బండి తోక దాటేదాకా నాన్న కదల్లేదు. వెనుక గార్డు పెట్టె లేకపోవడం చూసి మాత్రం బాధపడ్డారు. గార్డు పని ఎప్పుడు తీసేశారు, సంఘం ఊరుకుందా అని రాత్రి భోజనం దగ్గర మళ్ళీ అదే మాట.

*

వృద్ధులకు పింఛను, పిల్లల చేత పని చేయించకుండా చట్టం, పని గంటలకు హద్దు. డెబ్స్ పార్టీ 1912లో అడిగినవి ఇవి. పింఛను చట్టం 1935లో వచ్చింది, పని గంటలకూ బాల కార్మికులకూ సంబంధించిన చట్టం 1938లో వచ్చింది. తెచ్చింది వేరే పార్టీ. డెబ్స్‌కు ఓటు వేసిన తొమ్మిది లక్షల మందిలో ఎంతమంది అప్పటికి బతికి ఉన్నారో! వాళ్ళ ఓట్లు మురిగిపోయాయని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఓడిపోయే అభ్యర్థి ఐదుసార్లు ఊరూరా తిరిగి చెప్పకపోతే, గెలిచేవాళ్ళ చెవిన ఆ మాట పడేదే కాదు.

నాన్న ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నారు. మోకాళ్ళు సహకరించకపోయినా పోయిన ఎన్నికల్లో ఆటోలో వెళ్ళి ఓటు వేసి వచ్చారు. ఫలితాలు వచ్చిన రాత్రి ఫోను చేసి, నీ అభ్యర్థి సంగతి ఏమయిందని అడిగాను. ఆరో వంతు ఓట్లు ఎక్కడ వస్తాయి, ధరావతు పోయిందన్నారు. అమ్మ పక్క నుంచి ఏదో అంటోంది.

"పొద్దున వాళ్ళింటికి వెళ్ళి వచ్చాను. దిగులుగా కూర్చున్నాడు పాపం, కుర్రవాడు. ఐదు వరకూ లెక్కపెట్టకు, ఇంకా ఒకటే అయింది, వచ్చేసారి నిలబడాల్సిందేనని చెప్పాను. చందా కింద వెయ్యి రూపాయలు ఇప్పుడే ఇచ్చి రసీదు తీసుకున్నాను" అన్నారు నాన్న.